చిల్లు పుట్టిన చోటు వెతుక్కుంటూ

బడులు తెరిచే ముందు నెలలో ప్రొద్దుటూరు నోట్‌బుక్కుల షెడ్లకు రాత్రీ పగలూ ఒకటే. మా రాజుపాలెం చుట్టుపక్కల, కుందూ ఒడ్డున వెల్లాల నుంచి ఇటు కొర్రపాడు దాకా, పిల్లల సంచుల్లోకి చేరే పుస్తకాలు చాలా మటుకు అక్కడ తయారైనవే. మా చిన్నాయనకు అలాంటి షెడ్డు ఒకటుంది. ఒక చివర కాగితం రీలు ఎక్కిస్తే గీతలు పడి, మడతపడి, పిన్నులు పడి, అంచులు కోసుకుని ఇంకో చివర పుస్తకాలు బయటికొస్తాయి. యంత్రం నడుస్తుంటే పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి.

ఆ వేసవిలో నేను పోయేసరికి షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. రీలు తెగింది. తెగినప్పుడు యంత్రం దగ్గర నిలబడి ఉన్న కుర్రవాడిని అప్పటికే నలుగురూ నాలుగు మాటలన్నారు. వాడు మూలన తల వంచుకుని నూలు పీచుతో చేతులు తుడుచుకుంటున్నాడు. చిన్నాయన గొంతుక్కూర్చుని తెగిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. రూపాయి బిళ్ళంత చిల్లు. దాని చుట్టూ లేత గోధుమరంగు అంచు.

"సూడు నాయనా, ఇది ఈడ తెగింది గానీ ఈడ పుట్టలేదు. యాడ పుట్టిందో, ఎప్పుడు పుట్టిందో ఎవురికి తెలుచ్చాది? పాపం, ఆ పిల్లోడిని అనుకొని ఏం లాభం?"

రీలు ఏ మిల్లుదన్నది ఇక్కడ అవసరం లేదు. చిన్నాయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ తెగిన ముక్కను పుస్తకంలో పెట్టుకుని, కాగితం పుట్టే చోటికి బయలుదేరాను.

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా కడపకు పోతూ కలమళ్ళ వైపు చూడకుండా ఉండలేను. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోనే రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి శాసనం దొరికింది. క్రీ.శ. 575 ప్రాంతానిదని, తెలుగులో తొలి శాసనమని చరిత్రకారులు చెబుతారు. మన భాష రాతలోకి వచ్చింది మా సీమ రాళ్ళ మీద. కడపలో దిగితే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, చెదలు తింటున్న తాటాకుల్లోంచి కావ్యాలను కాగితం మీదికి ఎత్తి రాయించాడు. ఆ కాగితాలు ఉండబట్టే ఆ కావ్యాల్లో కొన్ని మనదాకా వచ్చాయి. ఈ నేల మీద పుట్టినవాడికి కాగితమంటే ఆమాత్రం మమకారం ఉండడం సహజమే.

రాతకు పుట్టిల్లయినా, మా కడప నేల కాగితానికి మాత్రం పుట్టిల్లు కాలేకపోయింది. కారణం నీళ్ళు. కర్ర నుంచి గుజ్జు తీసి ఒక టన్ను కాగితం చేయడానికి పదుల వేల లీటర్ల నీళ్ళు కావాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తేలి కనిపించే పెన్న ఒడ్డున అది జరిగే పని కాదు. తెలుగు నేల మీద పెద్ద కాగితం మిల్లులన్నీ నీళ్ళను వెతుక్కుంటూ పోయినవే. రాజమండ్రిలో 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ కంపెనీగా ఏర్పడింది. 2011లో అమెరికా సంస్థ ఇంటర్నేషనల్ పేపర్ చేతికి, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి మారి ఇప్పుడు ఆంధ్రా పేపర్ పేరుతో నడుస్తోంది. భద్రాచలం ఎదుటి ఒడ్డున సారపాకలో ఐటీసీ వారి మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నిజాం కాలంలో 1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్స్ చుట్టూ ఒక పట్టణమే లేచి కాగజ్‌నగర్ అయింది. ఆ మిల్లు 2014లో ఆగిపోతే పట్టణమంతా పస్తులున్నంత పనైంది. 2018లో జేకే పేపర్ తీసుకున్నాక మళ్ళీ పొగ లేచింది.

దారిలో ఒంగోలులో ఒక పూట దిగాను. కాగితం గురించి తెలుసుకోవాలంటే మొదట కర్రను చూడాలనిపించింది. ప్రకాశం జిల్లా పల్లెల్లో పొగాకు, కంది పక్కనే సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు. మూడు నాలుగేళ్ళు పెంచి, నరికి, బెరడు ఒలిచి, టన్నుల లెక్కన మిల్లులకు తోలుతారు. ధర ఎప్పుడు పడుతుందో, కాటా దగ్గర ఎంత కోత పెడతారో అన్నదే వాళ్ళ దిగులు. ఒక టన్ను కాగితానికి రెండు టన్నులకు పైగా కర్ర కావాలి. చిన్నాయన షెడ్డులో తెగిన రీలు వెనక ఇలాంటి రైతు ఒకరు ఎండలో నిలబడి ఉన్నారన్న సంగతి, కర్ర లోడు లారీ పక్కన నిలబడితేనే ఒంటికి తెలుస్తుంది.

గోదావరి వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు మా పెట్టెలో సీమవాళ్ళమందరం కిటికీల దగ్గరికి చేరాం. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసినప్పుడు మాకు కలిగే ఆశ్చర్యం వేరు. పక్కన 1900లో పూర్తయిన పాత హేవలాక్ వంతెన స్తంభాలు. అవతల ఒడ్డున రాజమండ్రి.

నన్ను లోపలికి రానిచ్చిన మిల్లు పేరు రాయనని మాటిచ్చాను. పైన చెప్పిన పేర్లతో దాన్ని కలిపి చూడక్కరలేదు. అక్కడి ఇంజినీరు గారు నడివయసు మనిషి, గోదావరి యాసలో నిదానంగా మాట్లాడతారు. నా పుస్తకంలోని కాగితం ముక్కను చూడగానే చెప్పేశారు.

"ఇది స్లైమ్ అండి. జిగురు గడ్డ. రండి, ఎక్కడ పుడుతుందో చూపిస్తాను."

కాగితం యంత్రాన్ని మొదటిసారి చూసేవాళ్ళకు ముందు తాకేది వేడి, ఆ తర్వాత చప్పుడు. చెవుల్లో దూది లాంటివి పెట్టుకోమని ఇచ్చారు. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు వంద మీటర్లు. మొదట్లో హెడ్‌బాక్స్. అందులోంచి పలచటి గంజిలాంటి గుజ్జునీళ్ళు, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నీళ్ళే, పరుగెత్తే సన్నని జల్లెడ మీద పడతాయి. ఆ జల్లెడను అక్కడ వైర్ అంటారు. నీళ్ళు కిందికి జారిపోతుంటే పీచు పైన పొరకడుతుంది. అక్కడి నుంచి ప్రెస్ రోలర్ల మధ్య నలిగి, ఆవిరితో కాగే డ్రయ్యర్ సిలిండర్ల వరస మీద పైకీ కిందికీ తిరిగి, కేలండర్‌లో నునుపు తేలి, చివర పోప్ రీల్ మీద చుట్టుకుంటుంది. నేను చూసిన యంత్రం నిమిషానికి 600 మీటర్ల మీద నడుస్తోంది. అంటే సెకనుకు 10 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. ప్రపంచంలో నిమిషానికి 2000 మీటర్లు దాటిన యంత్రాలు కూడా ఉన్నాయి. కాగితం ఎక్కడ చూసినా ఒకేలా తెల్లగా నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. కదులుతోందని చెప్పేది దాని నుంచి వీచే గాలి ఒక్కటే. ఈ వేగంలో మనిషి కన్ను చిల్లును పట్టలేదు. ఆ సంగతి అక్కడ నిలబడిన క్షణంలోనే తేలిపోయింది.

"జిగురు ఇక్కడండి," అన్నారు ఇంజినీరు గారు హెడ్‌బాక్స్ వైపు చూపిస్తూ. వెచ్చటి నీళ్ళు, పీచు, గంజి పిండి ఉన్నచోట సూక్ష్మజీవులు పెరగక మానవు. పెట్టెల గోడలకు, గొట్టాల మూలలకు జిగురుగా పట్టి, బాగా పెరిగాక ఒక తునక ఊడి గుజ్జులో కలిసి వైర్ మీదికి వస్తుంది. ఆ తునక ఉన్నచోట పీచు అల్లుకోదు. డ్రయ్యర్లో ఎండేసరికి అది రాలిపోయి చిల్లు మిగులుతుంది. చుట్టూ గోధుమరంగు అంచు దాని గుర్తు. కత్తి తగిలో, రోలర్ మీద గట్టి పెళ్ళ వల్లో పడిన చిల్లుకు అంచు తెల్లగా, పదునుగా ఉంటుంది. పై కప్పు నుంచి నీటి బొట్టు పడితే పలచటి గుండ్రటి మచ్చ. ప్రతి తప్పుకూ ఒక ముఖం ఉంటుంది. చూడగలిగితే అది ఎక్కడ పుట్టిందో ఆ ముఖమే చెబుతుంది.

చూడగలగడం కోసమే కెమెరాలు. అవి రెండు రకాలు. రెంటి పనీ వేరు.

మొదటిది రీల్‌కు కాస్త ముందు, కాగితం వెడల్పంతా కప్పుతూ అడ్డంగా బిగించిన దూలం. అందులో వరసగా లైన్‌స్కాన్ కెమెరాలు. మన ఫోను కెమెరా ఒక చతురస్రాన్ని ఒకేసారి తీస్తుంది. ఇది అలా కాదు, ఒక్క గీతనే చూస్తుంది. కాగితం దాని కింద పరుగెత్తుతుంటే గీత తర్వాత గీత పేర్చుకుంటూ పోయి బొమ్మ తయారవుతుంది. నాలుగు మీటర్ల వెడల్పు కాగితాన్ని అర మిల్లీమీటరు నలుసు దాకా చూడాలంటే ఒక గీతలో 8000 చుక్కలు కావాలి. సెకనుకు 10 మీటర్ల వేగంలో పొడవునా అదే అర మిల్లీమీటరు పట్టాలంటే సెకనుకు 20,000 గీతలు. కాంతిని విద్యుత్తుగా మార్చే సీసీడీ పలకను 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించడంతో ఇలాంటి కెమెరాలకు దారి పడింది. వాళ్ళకు 2009లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు సీమాస్ పలకలు దాని జాగా చాలావరకు తీసుకున్నాయి.

కెమెరా కంటే కూడా దీపం ముఖ్యమని నాకు అక్కడే అర్థమైంది. కాగితం కింద నుంచి వెలుగు వేస్తే చిల్లులు, పలచబడిన చోట్లు మెరుస్తాయి. పై నుంచి వేస్తే మచ్చలు, మురికి నలుసులు నల్లగా తేలతాయి. పక్క నుంచి బాగా వాల్చి వేస్తే ముడతలు నీడ విప్పుతాయి. ఒకే కాగితం, వెలుగు మారితే వేరే తప్పు బయటపడుతుంది. ఏ వెలుగు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే కొత్త మిల్లులో వారాలు పడుతుందట.

దొరికిన ప్రతి తప్పుకూ కంప్యూటరు పేరు పెడుతుంది: చిల్లు, మచ్చ, ముడత, అంచు చిరుగు. పాత పద్ధతిలో ఆ పేర్లు కొలతలను బట్టి పడేవి. ఇప్పుడు వేల బొమ్మలు చూపించి నేర్పిస్తున్నారు. నేర్పేది మాత్రం యంత్రం దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళే. వాళ్ళు ఇది స్లైమ్, ఇది నూనె బొట్టు, ఇది తారు అని ఒక్కో బొమ్మకూ చెప్పిపెడితేనే కంప్యూటరుకు తెలివి. తప్పులన్నీ రీలు పటం మీద చుక్కలుగా పడతాయి: ఎన్నో మీటరు, అంచు నుంచి ఎంత దూరం. ఆ పటం రివైండర్‌కు వెళ్తుంది. రీలును తిరగజుట్టేటప్పుడు చెడ్డ చోటు దగ్గరపడితే రివైండర్ తనంతట తాను నెమ్మదించి ఆగుతుంది. అక్కడి మనిషి ఆ ముక్క కోసేసి, టేపుతో అతికి, అతుకు ఉన్నట్టు తెలిసేలా అంచున రంగు కాగితం చీటీ పెడతాడు. ఆ చీటీని చూసి మా చిన్నాయన లాంటివాళ్ళు యంత్రాన్ని ముందే నెమ్మది చేసుకుంటారు. తెలిసిన అతుకు ఎవరినీ బాధపెట్టదు. తెలియని చిల్లే రీలును తెంచుతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది రెండో రకం. వైర్ చివర, ప్రెస్ దగ్గర, డ్రయ్యర్ మొదట్లో, మధ్యలో, కేలండర్ ముందు, ఇలా దారి పొడవునా వేగంగా బొమ్మలు తీసే కెమెరాలు. ఆవిరిలో అద్దం మసకబారకుండా వాటి ముందు నుంచి శుభ్రమైన గాలి వదులుతూ ఉంటారు. పెట్టెను చల్లబరుస్తారు. ఇవి రాత్రింబవళ్ళు తీస్తూ, పాతవి చెరిపేసుకుంటూ ఉంటాయి. కాగితం తెగిన క్షణాన మాత్రం చెరపడం ఆపేస్తాయి. అన్నిటికీ గడియారం ఒక్కటే. రీల్ దగ్గర ఫలానా క్షణంలో కనిపించిన చోటు, హెడ్‌బాక్స్ దగ్గర అంతకు పది సెకన్లకు పైగా ముందు ఉండి ఉండాలి. తడి కాగితం లాగుడుకు కొంచెం సాగుతుంది కాబట్టి ఒక్కో విభాగంలో వేగం కాస్త తేడా. ఆ తేడానూ లెక్కలో కలుపుతారు. అలా ఒకే చోటును కెమెరా తర్వాత కెమెరాలో వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోవచ్చు.

ఇంజినీరు గారు ఒక పాత తెగుడును తెర మీద తిప్పి చూపించారు. డ్రయ్యర్ మధ్యలో కాగితం నిలువునా చీలింది. అంతకు ముందు కెమెరాలో అంచున చిన్న చిరుగు. ఇంకా వెనక్కి, ప్రెస్ దగ్గర, అదే అంచున వేలిగోరంత గీటు. ఇంకా వెనక్కి, వైర్ చివర అంచు కోసే నీటి ధార ఒక్క లిప్తపాటు వణికింది. తెగింది డ్రయ్యర్లో. పుట్టింది యాభై మీటర్ల అవతల, ఒక నీటి గొట్టం ముక్కు దగ్గర. ముక్కు మార్చారు. ఆ రకం తెగుడు ఆగింది.

ఇంకో బొమ్మల వరసలో చిన్న మచ్చ ఒకటి, అంచు నుంచి అదే దూరంలో, మళ్ళీ మళ్ళీ వస్తోంది. రెండు మచ్చల మధ్య దూరం 4.71 మీటర్లు.

"మీరైతే ఏం చేస్తారండి?" అని అడిగారు.

గుండ్రంగా తిరిగేదేదో ప్రతి చుట్టుకూ ఒకసారి ముద్ర వేస్తోందన్నమాట. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం 1.5 మీటర్లు. ఆ యంత్రంలో అంత వ్యాసం ఉన్నవి డ్రయ్యర్ సిలిండర్లే. వాటిలో ఒకదాని మీద ఏదో అంటుకుంది. అదే దూరం ఇరవై ముప్పై మీటర్లుంటే వైర్‌ను అనుమానించాలి, ఎందుకంటే వైర్ పట్టీ పొడవు అంత ఉంటుంది. ఏడో తరగతి లెక్కతో ఇంత పెద్ద యంత్రంలో దోషి ఎక్కడున్నాడో తేలిపోవడం నాకు గొప్ప సంతోషమనిపించింది. మా రాజుపాలెం బడిలో వృత్తం చుట్టుకొలత చెప్పే పంతులు గారికి ఈ సంగతి చేరవేయాలని రాసిపెట్టుకున్నాను.

కాగితం ఒకసారి తెగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. తడి కాగితం వస్తూనే ఉంటుంది, దాన్ని కింద గుంటలోకి మళ్ళిస్తారు. డ్రయ్యర్లలో ఇరుక్కున్న ముక్కలను లాగాలి. మళ్ళీ సన్నటి తోకను తాళ్ళ మధ్య పట్టించి, సిలిండర్ల గుండా చివరిదాకా నడిపించి, మెల్లగా వెడల్పు చేయాలి. అరగంట పోవచ్చు, ఎక్కువే పోవచ్చు. చెడిన కాగితాన్ని బ్రోక్ అంటారు. అది మళ్ళీ గుజ్జవుతుంది కాబట్టి పీచు దక్కుతుంది. కానీ దాన్ని ఎండబెట్టిన ఆవిరి, తిప్పిన కరెంటు, మండిన బొగ్గు దక్కవు. వేడి సిలిండర్ల మధ్య చేతులు పెట్టి ముక్కలు లాగే మనుషుల ప్రాణభయం వేరే లెక్క.

సాయంత్రం రాజమండ్రిలో ఒక పెద్దాయనను కలిశాను. కాగితం యంత్రాల మీద జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన కాలంలో కెమెరాల్లేవు. టార్చిలైటు, స్ట్రోబ్ దీపం, అనుభవం.

"తెగిందంటే చాలండి, పంచాయితీయే. వెట్ ఎండ్ వాళ్ళు, అంటే తడి గుజ్జు వైపు వాళ్ళు, ప్రెస్ తప్పంటారు, ప్రెస్ వాళ్ళు డ్రయ్యర్ తప్పంటారు. చివరికి తెగినచోట ఎవడు నిలబడి ఉంటే వాడి నెత్తిన పడేదండి. నేనూ పడ్డాను, నా కింద వాళ్ళ మీద వేశాను కూడా."

ప్రొద్దుటూరు షెడ్డు మూలన చేతులు తుడుచుకుంటున్న కుర్రవాడు నా కళ్ళ ముందు కదిలాడు. ఆయన ఇంకో మాట చెప్పారు. షీట్లు కోశాక ఫినిషింగ్ విభాగంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఒక్కో షీటూ తిప్పి చూసి, మచ్చ ఉన్నది పక్కన పెట్టేవారట. వాళ్ళ కళ్ళు ఎంత చురుకంటే ఇసుక రేణువంత నలుసు కూడా దాటిపోయేది కాదట. ఆ పని చాలాచోట్ల కెమెరాలకు పోయింది. ఇది చిన్న నష్టం కాదు. కెమెరా పెట్టిన ప్రతి మిల్లూ ఆ కళ్ళున్నవాళ్ళను తప్పుల బొమ్మలకు పేర్లు పెట్టే పనిలోకి తీసుకోవాలని నా పట్టుదల. ఆ జ్ఞానం వాళ్ళ దగ్గరే ఉంది.

భయం ఇంకొకటి కూడా ఉంది. కెమెరాలు వచ్చిన కొత్తలో, ఏ షిఫ్టులో ఎన్నిసార్లు తెగిందో పట్టీ రాసి జీతాలు కోస్తారేమోనని మనుషులు బెదిరారట. నేను చూసిన మిల్లులో ఒక మంచి పద్ధతి పెట్టుకున్నారు. తెగిన ప్రతి బొమ్మనూ మూడు షిఫ్టుల వాళ్ళూ కలిసి చూస్తారు. పేర్లు రాయరు, కారణం రాస్తారు. కెమెరా ముఖం కాగితం వైపే ఉండాలి, మనిషి వైపు తిరగకూడదు. తిరిగిన రోజున పనివాళ్ళు నిజం చెప్పడం మానేస్తారు. అప్పుడు ఎన్ని వేల గీతలు తీసినా కారణం దొరకదు.

మర్నాడు అదే జిల్లాలో పాత కాగితం నుంచి కొత్త కాగితం చేసే చిన్న మిల్లుకు పోయాను. మన ఊళ్ళలో పాత పేపర్లు, అట్టపెట్టెలు కొనుక్కుపోయేవాళ్ళ సరుకు చివరికి చేరేది ఇలాంటి చోట్లకే. టేపులు, అట్టల బంక, ప్లాస్టిక్ ఇక్కడి శత్రువులు. బంక కరిగి చిన్న చిన్న ఉండలై కాగితంలో దూరుతుంది, రోలర్లకు అంటుకుంటుంది. అంటే తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడ. కెమెరాలు లేనిది కూడా ఇక్కడే. రీల్ ముందు కాగితం కింద ఒక ట్యూబ్‌లైటు పెట్టి, ఒక మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టారు. షిఫ్టంతా ఆయన ఆ వెలుగునే చూస్తూ ఉండాలి. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి.

యజమాని దాచుకోకుండా చెప్పారు. "బయటి దేశాల నుంచి వచ్చే వ్యవస్థ ధర విన్నానండి. దాంతో ఇంకో చిన్న యంత్రం కొనుక్కోవచ్చు. మామూలు సీసీ కెమెరా పెట్టి చూశానండి. గీతలు తప్ప ఏమీ కనపడలేదు."

గీతలే ఎందుకు కనపడ్డాయో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ యంత్రం నిమిషానికి 200 మీటర్ల మీద నడుస్తుంది, అంటే సెకనుకు 3.3 మీటర్లు. మామూలు కెమెరా సెకనులో యాభయ్యో వంతు కన్ను తెరిచి ఉంచితే ఆలోపు కాగితం దాదాపు ఏడు సెంటీమీటర్లు జరిగిపోతుంది. బియ్యపు గింజంత చిల్లు జానెడులో మూడో వంతు గీతగా సాగుతుంది. అదే కన్ను సెకనులో పదివేలో వంతు మాత్రమే తెరిస్తే జరిగేది మిల్లీమీటరులో మూడో వంతు. చిల్లు చిల్లుగానే కనిపిస్తుంది. అంత తక్కువ సమయంలో బొమ్మ పడాలంటే కింద నుంచి బాగా ప్రకాశమైన ఎల్‌ఈడీ దీపాల వరస కావాలి. ఇక ఎన్ని బొమ్మలు కావాలి? ఒక్కో బొమ్మ కాగితం పొడవులో అర మీటరు కప్పితే సెకనుకు ఏడు బొమ్మలు చాలు. పెద్ద మిల్లుల సెకనుకు ఇరవై వేల గీతల అవసరం ఇక్కడ లేదు. యంత్రం నెమ్మది, కాగితం వెడల్పు తక్కువ, వెతకాల్సింది ముందు చిల్లు ఒక్కటే. మచ్చలకు పేర్లు పెట్టడం, కాలాన్ని కలిపి వెనక్కి వెతకడం తర్వాత ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.

మిల్లులో వాడే వ్యవస్థ ఇల్లు కట్టినట్టు గట్టిగా ఉండాలి. దుమ్ము, తేమ, వేడి, ఆగకుండా తిరిగే గంటలు, ఇవన్నీ తట్టుకోవాలి. ప్రయోగశాల బల్ల మీద పనిచేసింది మిల్లులో మొదటి వారమే కళ్ళు మూసుకోవచ్చు. ఆ కష్టం నాకు తెలియక రాయడం లేదు. కానీ చిన్న మిల్లుకు సరిపడే చూపు మనకు అందనంత ఎత్తులో లేదని లెక్కే చెబుతోంది.

అందుకే ఈ యాత్ర అంతా రాసింది మా కడప జిల్లా పిల్లల కోసం. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజినీరింగ్ కాలేజీలో, మన పాలిటెక్నిక్‌లలో చదువుతున్నవాళ్ళు ప్రతి ఏడూ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటారు. అబ్బాయిలారా, అమ్మాయిలారా, ఈ అంశం తీసుకోండి. ఒకరు దీపాలు, ఒకరు కెమెరా, ఒకరు ప్రోగ్రాము, ఒకరు దుమ్ము నుంచి కాపాడే పెట్టె. ట్యూబ్‌లైటు ముందు కూర్చున్న ఆయన దగ్గర ముందు రెండు పూటలు కూర్చుని, ఆయన చిల్లును ఎలా గుర్తుపడతారో అడిగి రాసుకోండి. వైర్ మార్చే రోజున చిన్న మిల్లు యంత్రం ఎలాగూ ఆగుతుంది. కెమెరా బిగించి చూడడానికి ఆ పూట సరిపోతుంది. నేను మాట్లాడిన యజమాని, పిల్లలు వస్తే తలుపు తీస్తానన్నారు. మీ ఆచార్యుల చేత ఒక ఉత్తరం రాయించుకుని బయలుదేరండి.